పీరియడ్స్ నొప్పికి సీబీడీ ఆయిల్: నిజంగా పనిచేస్తుందా? మన దగ్గర లీగలేనా?

ఈ ఎపిసోడ్ టాపిక్ మీరే ఇచ్చారు. కొన్నాళ్లుగా మెసేజ్‌లలో ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "అక్కా, పీరియడ్స్ నొప్పికి సీబీడీ ఆయిల్ వాడితే తగ్గుతుందట, రీల్‌లో చూశాను, నిజమేనా?" "అది గంజాయి నుంచి తీస్తారట కదా, మత్తెక్కుతుందా?" "అమెరికాలో ఉన్న కజిన్ తీసుకొస్తానంటోంది, తెప్పించుకోవచ్చా?" ఈ మూడింటికీ ఈరోజు వరసగా జవాబులు చూద్దాం. వీడియో చూసే టైం లేనివాళ్ల కోసం మాటలన్నీ ఇక్కడ రాసి పెట్టాం.

ముందే ఒక మాట. నొప్పి వస్తే ఓర్చుకోవాలి అని చెప్పడానికి ఈ ఎపిసోడ్ చేయట్లేదు. నెలనెలా రెండు రోజులు కాలేజీ మానేసి, ముడుచుకుని పడుకునే అమ్మాయి ఇంకో దారి వెతుక్కోవడంలో తప్పేం లేదు. ఆ దారి ఎక్కడికి వెళ్తుందో తెలిసి నడవాలి, అంతే.

అసలు ఆ నొప్పి ఎందుకొస్తుంది?

పీరియడ్స్ మొదలయ్యే ముందు గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్స్ అనే రసాయనాలు తయారవుతాయి. ఆ పొరని బయటికి నెట్టడానికి గర్భసంచి కండరం బిగుసుకోవాలి కదా, ఆ పని చేయించేవి ఇవే. ఇవి మోతాదు మించితే కండరం మరీ గట్టిగా బిగుసుకుంటుంది. లోపలి రక్తనాళాలు నొక్కుకుపోతాయి, కాసేపు కండరానికి ఆక్సిజన్ సరిగా అందదు. అదే మనకి పొత్తికడుపులో మెలిపెట్టినట్టు తెలుస్తుంది. నడుము లాగడం, తొడలు గుంజడం కూడా దీనివల్లే. ఈ రసాయనాలు పేగుల మీద కూడా పనిచేస్తాయి. అందుకే కొంతమందికి ఆ రోజుల్లో వాంతులు, విరేచనాలు అవుతాయి.

ఇది మామూలు నెలసరి నొప్పి. ఇంకో రకం ఉంది. ఎండోమెట్రియోసిస్, ఎడినోమయోసిస్, ఫైబ్రాయిడ్స్ లాంటి జబ్బు ఏదైనా లోపల ఉండి, దానివల్ల వచ్చే నొప్పి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో చాలా పని ఉంది.

గంజాయి, సీబీడీ, హెంప్: మూడూ ఒకటేనా?

మొక్క ఒకటే, కన్నాబిస్. అందులో వందకు పైగా ప్రత్యేకమైన రసాయనాలున్నాయి. వాటిలో రెండు తెలిస్తే మనకి చాలు. ఒకటి టీహెచ్‌సీ. మత్తు దీనిదే. రెండోది సీబీడీ. దీనితో మత్తెక్కదు. హెంప్ అంటే టీహెచ్‌సీ చాలా తక్కువగా ఉండే కన్నాబిస్ రకాలు. అమెరికాలో 2018 లో వచ్చిన వ్యవసాయ చట్టం 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉంటే దాన్ని హెంప్ అంది. అక్కడ షాపుల్లో సీబీడీ సీసాలు నిండిపోయింది ఆ తరవాతే.

ఇక్కడ మనవాళ్లు పడే కన్‌ఫ్యూజన్ ఒకటుంది. తెలుగులో హెంప్‌ని కొందరు జనపనార అని రాసేస్తున్నారు. మన గోనెసంచుల జనపనార వేరే మొక్క, పొలాల్లో పచ్చిరొట్టకి వేసే జనుము ఇంకో మొక్క. వాటిలో సీబీడీ ఉండదు. ఇంకో సరదా విషయం: మన గోగు మొక్క శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు ఆకారం గంజాయి ఆకులా ఉంటుందని ఆ పేరు పెట్టారు. అంతకుమించి చుట్టరికం ఏమీ లేదు, గోంగూర పచ్చడి నిశ్చింతగా తినండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది, హెంప్ సీడ్ ఆయిల్ వేరు, సీబీడీ ఆయిల్ వేరు. మొదటిది గింజల నుంచి తీసే వంటనూనె లాంటిది. మంచి కొవ్వులు ఉంటాయి, సీబీడీ మాత్రం దాదాపు ఉండదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021 నవంబర్‌లో హెంప్ గింజల్ని, గింజల నూనెని ఆహారంగా అనుమతించింది. ఆ నూనెలో టీహెచ్‌సీ కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. కాబట్టి హెంప్ సీడ్ ఆయిల్ తాగితే పీరియడ్స్ నొప్పి పోతుందని ఎవరైనా అమ్ముతుంటే, వాళ్లు మీకు అమ్ముతున్నది నూనె, చెబుతున్నది ఇంకోదాని కథ.

శరీరంలో ఇది ఏం చేస్తుంది?

టీహెచ్‌సీ అణువు నిర్మాణాన్ని 1964 లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెకూలం, ఆయన సహచరుడు యెహియెల్ గావొని తేల్చారు. 1992 లో మెకూలం ల్యాబ్‌లోనే ఇంకో విశేషం బయటపడింది. ఈ మొక్కలోని రసాయనం లాంటి పని చేసేది మన శరీరమే సొంతంగా తయారు చేసుకుంటోంది. దానికి వాళ్లు పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, మన సంస్కృతం ఆనందమే. నొప్పి, నిద్ర, ఆకలి, మూడ్ వీటన్నిట్లో ఈ వ్యవస్థకి పాత్ర ఉంది. గర్భసంచిలో కూడా దీని గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు ఉన్నాయి.

అందుకే, ఇది పీరియడ్స్ నొప్పికి పనిచేయొచ్చేమో అన్న ఆలోచన గాలి కబురు కాదు. ఆధారం ఉన్న ఊహే. కానీ ఊహకి, రుజువుకి మధ్య చాలా దూరం ఉంటుంది. ఆ దూరాన్ని రీల్స్ 30 సెకన్లలో దాటేస్తాయి.

రీల్స్‌లో తరచూ వినిపించే ఒక కథ చూడండి. "విక్టోరియా మహారాణి కూడా పీరియడ్స్ నొప్పికి గంజాయి వాడింది" అంటారు. రాణిగారి వైద్యుల్లో ఒకరైన రసెల్ రేనాల్డ్స్ 1890 లో లాన్సెట్ పత్రికలో గంజాయి మందుల గురించి ఒక వ్యాసం రాశారు, అది నిజం. ఆ ఏడాదికి రాణి వయసు 70. ఆవిడ నెలసరి నొప్పికి వాడారని ఆ వ్యాసంలో లేదు. వైద్యుడి వ్యాసాన్ని, రాణి పేరుని ఎవరో కలిపి కుట్టేశారు.

రుజువులు ఏం చెబుతున్నాయి?

ఆస్ట్రేలియాలో ఎండోమెట్రియోసిస్ ఉన్న 484 మందిని సర్వే చేస్తే, సొంతంగా ఏదో ఒక ఉపశమన మార్గం పాటిస్తున్నవాళ్లలో 13 శాతం మంది గంజాయి వాడుతున్నామన్నారు. ఎంత పనిచేసిందో మార్కులు వేయమంటే సగటున పదికి 7.6 వేశారు. 2019 లో ఇది అచ్చయింది. వినడానికి గొప్పగా ఉంది కదా! ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వాడి చూసి, పనిచేయక మానేసినవాళ్లు ఆ మార్కుల్లో అంతగా కనిపించరు. పైగా వాళ్లు చెప్పింది గంజాయి గురించి, అందులో టీహెచ్‌సీ ఉంది. సీబీడీ ఒక్కదానికే ఆ మార్కులు వేయలేం.

2024 లో అమెరికాలోని మెక్‌లీన్ ఆస్పత్రి పరిశోధకులు యోనిలో పెట్టుకునే సీబీడీ సపోజిటరీల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కో దాంట్లో 100 మిల్లీగ్రాముల సీబీడీ. వాడినవాళ్లకి నొప్పి, ఇతర ఇబ్బందులు తగ్గాయని తేలింది. ఆశ కలిగించే విషయమే. కానీ ఆ అధ్యయనంలో ప్లసీబో లేదు. అంటే మందు లేని ఉత్తుత్తి బిళ్ల ఇచ్చిన ఇంకో గుంపుతో పోల్చలేదు. ఏం వాడుతున్నారో అందరికీ తెలుసు.

ప్లసీబోతో పోల్చడం ఎందుకంత ముఖ్యం? నొప్పి విషయంలో నమ్మకం చాలా పని చేస్తుంది. 2022 లో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో గంజాయి మందుల మీద జరిగిన 20 ట్రయల్స్‌ని కలిపి చూశారు. అసలు మందు తీసుకున్నవాళ్లకి ఎంత నొప్పి తగ్గిందో, అందులో దాదాపు మూడింట రెండొంతులు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకి కూడా తగ్గింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే తగ్గింది. కాకపోతే ఆ తగ్గుదల మొత్తాన్ని సీసా ఖాతాలో వేయలేం. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2021 లో, ఉన్న రుజువులు చాలవు కాబట్టి నొప్పికి కన్నాబినాయిడ్స్‌ని సాధారణ వాడకానికి సమర్థించలేమని చెప్పింది.

సీసా మీద లెక్క వేద్దాం

ఇది చాలామంది చూడని సంగతి. 30 మిల్లీలీటర్ల సీసా మీద "300 మిల్లీగ్రాముల సీబీడీ" అని ఉందనుకోండి. అంటే ఒక మిల్లీలీటర్‌లో 10 మిల్లీగ్రాములు. మిల్లీలీటర్‌కి సుమారు 20 చుక్కలు. అంటే చుక్కకి అర మిల్లీగ్రాము. నాలుక కింద పది చుక్కలు వేసుకుంటే 5 మిల్లీగ్రాములు.

ఇప్పుడు పోల్చండి. సీబీడీతో తయారైన, పూర్తి పరీక్షలు దాటిన మందు ఒకటుంది, ఎపిడియోలెక్స్. కొన్ని అరుదైన మూర్ఛ వ్యాధులకి అమెరికా ఎఫ్‌డీఏ 2018 లో అనుమతించింది. దాని మామూలు మోతాదు రోజుకి కిలో బరువుకి 10 మిల్లీగ్రాములు. 50 కిలోల మనిషికి 500. అంటే మన సీసా మొత్తం ఒక్క రోజుకి కూడా చాలదు. పోనీ అంత వేసుకుందామా అంటే, ఆ మోతాదుల్లో లివర్ ఎంజైమ్‌లు పెరగడం, మగత, విరేచనాలు, ఆకలి మందగించడం కనిపించాయి. డాక్టర్లు రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు.

ఇంకోటి, సీసా మీద రాసింది లోపల ఉందా? 2017 లో జామా పత్రికలో వచ్చిన పరీక్షలో, ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తుల్ని ల్యాబ్‌కి పంపారు. 26 మాత్రమే లేబుల్‌కి తగ్గట్టు ఉన్నాయి. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ దొరికింది. అంటే మత్తు ఉండదని నమ్మి కొన్నదాంట్లో మత్తు పదార్థం ఉండొచ్చు. ఆఫీసులో డ్రగ్ టెస్ట్ పెడితే అది బయటపడొచ్చు కూడా.

గమ్మీలు, చాక్లెట్ల రూపంలో టీహెచ్‌సీ తీసుకుంటే ఇంకో తంటా. ప్రభావం మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఏం కాలేదే అని ఇంకోటి నోట్లో వేసుకుంటారు. తరవాత రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. గుండె దడ, భయం, కళ్లు తిరగడం. కడుపునొప్పికి వేసుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తే పరిస్థితి.

ఎవరు అస్సలు ముట్టుకోకూడదు?

గర్భం ఉన్నవాళ్లు, వచ్చే అవకాశం ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు. సీబీడీ కూడా వద్దనే ఎఫ్‌డీఏ సలహా ఇచ్చింది. లివర్ సమస్య ఉన్నవాళ్లు. ఫిట్స్ మందులు, రక్తం పలచబడే మందులు, డిప్రెషన్ మందులు వాడేవాళ్లు. మన లివర్ ఏ ఎంజైమ్‌లతో ఈ మందుల్ని కరిగిస్తుందో, సీబీడీ వాటినే అడ్డుకుంటుంది. దాంతో రక్తంలో ఆ మందుల పాళ్లు పెరిగిపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ సమస్య ఉంటే టీహెచ్‌సీ జోలికి అసలు పోవద్దు.

ఇంకో విషయం, మొహమాటం లేకుండా చెప్తున్నా. టాంపన్‌కి ఆయిల్ రాసి లోపల పెట్టుకోమని వీడియోలు తిరుగుతున్నాయి. చేయకండి. లోపలి చర్మం చాలా సున్నితం, మంట, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. నూనె తగిలితే లేటెక్స్ కండోమ్ చిరిగిపోయే అవకాశం కూడా ఉంది.

మన దేశంలో చట్టం ఏమంటుంది?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ కొసలు. చరస్ అంటే మొక్క నుంచి వేరు చేసిన జిగురు, హాష్ ఆయిల్ కూడా అందులోకే వస్తుంది. కొసలు కలవని విడి ఆకులు, గింజలు ఆ నిర్వచనంలో లేవు. వాటి మీద రాష్ట్రాలు తమ సొంత నిబంధనలు పెట్టుకోవచ్చు. టీహెచ్‌సీ ఆ చట్టం జాబితాలో సైకోట్రోపిక్ పదార్థంగా ఉంది.

ఆయుర్వేదంలో ఈ మొక్కని విజయ అంటారు. లైసెన్స్ ఉన్న కంపెనీలు ఆకుతో చేసిన విజయ ఉత్పత్తుల్ని ఆయుర్వేద మందులుగా అమ్ముతున్నాయి. ఇవి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో షెడ్యూల్ ఈ-1 కిందకి వస్తాయి. అంటే డాక్టర్ పర్యవేక్షణలో మాత్రమే వాడాలని లేబుల్ మీద హెచ్చరిక ఉండాలి. కాబట్టి ఎవరైనా ప్రిస్క్రిప్షన్ అడక్కుండా, టెలిగ్రామ్‌లోనో ఇన్‌స్టా డీఎంలోనో అమ్ముతుంటే అక్కడే ఆగిపోండి. తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, సీబీడీ ఎంత, టీహెచ్‌సీ ఎంత, ల్యాబ్ రిపోర్ట్. ఇవి లేని సీసా సీసా కాదు, సమస్య.

ఇక డల్లాస్ నుంచో ఫ్రిస్కో నుంచో వచ్చే చుట్టాల సూట్‌కేస్ సంగతి. "అక్కడ లీగలే కదా" అన్న మాట హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో పనిచేయదు. అందులో టీహెచ్‌సీ తేలితే తెచ్చినవాళ్లకీ, తెప్పించుకున్నవాళ్లకీ చిక్కే. దుబాయ్ మీదుగా వచ్చేవాళ్లకి ఇంకా ప్రమాదం, యూఏఈలో సీబీడీ మీద కూడా నిషేధం ఉంది. చిన్న మొత్తం గంజాయికి కూడా మన చట్టంలో ఏడాది వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాస్‌పోర్ట్, వీసా, ఉద్యోగం అన్నీ ముందున్న వయసులో ఆ కేసు ఎంత బరువో ఆలోచించండి. అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లకి కూడా ఒక మాట. కొన్ని రాష్ట్రాల్లో గంజాయి షాపులున్నా, ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు. వీసాలు చూసేది ఫెడరల్ చట్టమే.

మరి నొప్పికి ఏం చేయాలి?

బాగా పరీక్షించిన మందులు ఎన్‌సైడ్స్: ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్. ఇవి ప్రోస్టాగ్లాండిన్స్ తయారీనే తగ్గిస్తాయి. 2015 నాటి కాక్రేన్ సమీక్ష 80 ట్రయల్స్‌ని చూసింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వందమందిలో 18 మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం దొరికితే, ఈ మందులతో 45 నుంచి 53 మందికి దొరుకుతుందని లెక్క తేల్చింది. సీబీడీకి ఇలాంటి లెక్క ఇంకా లేదు.

ఇక్కడ టైమింగ్ ముఖ్యం. చాలామంది నొప్పి భరించలేని స్థితికి వచ్చాక మాత్ర వేసుకుని "పనిచేయట్లేదు" అంటారు. అప్పటికే ప్రోస్టాగ్లాండిన్స్ తయారైపోయి ఉంటాయి. నొప్పి మొదలవుతుండగానే, ఏదైనా తిన్నాక, డాక్టర్ చెప్పిన మోతాదులో రెండు మూడు రోజులు వేసుకుంటే ఫలితం బాగుంటుంది. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉంటే అడగకుండా వేసుకోవద్దు. జ్వరం ఉండి డెంగీ అనుమానం ఉంటే అస్సలు వద్దు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023 నవంబర్‌లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మాత్ర వాడాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, ముఖం వాపు వస్తే వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అమ్మమ్మలు చెప్పిన కాపడం ఉత్తమాట కాదు. 2001 లో జరిగిన ఒక ట్రయల్‌లో, పొత్తికడుపు మీద 39 డిగ్రీల దగ్గర వేడి ఉంచే ప్యాచ్ ఐబుప్రోఫెన్‌కి దీటుగా పనిచేసింది. వేడినీళ్ల బ్యాగ్ అయితే చర్మం కాలకుండా గుడ్డ చుట్టి పెట్టుకోండి. రోజూ కాస్త నడక, వ్యాయామం కూడా సాయం చేస్తాయి. ఇవేవీ చాలకపోతే గైనకాలజిస్ట్ హార్మోన్ మాత్రలు ఇవ్వొచ్చు. అవి పెళ్లయినవాళ్లకి మాత్రమే అనుకోకండి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే

మొదట్లో రెండో రకం నొప్పి అన్నాను కదా. ఎండోమెట్రియోసిస్ ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది బయటపడటానికి చాలామందికి ఏళ్లు పడుతుంది. ఎందుకంటే ఇంట్లో "అందరికీ ఉండేదేగా" అంటారు, "పెళ్లయితే అదే పోతుంది" అంటారు. ఆ మాటలు విని విని అమ్మాయి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేసి, ఫోన్‌లో ఆయిల్ ఆర్డర్ పెడుతుంది. ఆయిల్‌తో కొంచెం తగ్గినట్టుంటే మరీ ప్రమాదం. ఇంకో రెండేళ్లు గడిచిపోతాయి, లోపల జబ్బు తన పని తాను చేసుకుంటూ పోతుంది.

కాబట్టి ఈ గుర్తులు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నెలనెలా నొప్పి పెరుగుతోందా? పీరియడ్స్ లేని రోజుల్లో కూడా వస్తోందా? మలవిసర్జనప్పుడు, మూత్రానికి వెళ్లినప్పుడు, కలయికప్పుడు నొప్పా? గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? ఇన్నేళ్లూ లేని నొప్పి 25 దాటాక కొత్తగా మొదలైందా? మాత్రలు సరిగ్గా వాడినా మూడు నెలల్లో తేడా లేదా? ఒక్కదానికి అవును అన్నా గైనకాలజిస్ట్‌ని కలవండి. వెళ్లేటప్పుడు మూడు నెలల లెక్క రాసుకుని వెళ్లండి: ఏ తేదీ, పదికి ఎంత నొప్పి, ఏ మాత్ర, ఎంతసేపు పనిచేసింది, ఎన్ని క్లాసులు పోయాయి. ఆ కాగితం మీ మాటకి బలం ఇస్తుంది. ఇప్పటికే సీబీడీనో విజయనో వాడుతుంటే అది కూడా దాచకుండా చెప్పండి. మందులు రాసేవాళ్లకి అది తెలియాలి.

రేపు మంచి ట్రయల్స్ జరిగి, ఇంత మోతాదు, ఇంతమందికి పనిచేసింది అని తేలితే, ఆరోజు దాని మీద సంతోషంగా ఇంకో ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా మీ హాస్టల్ గ్రూప్‌లో ఎవరైనా ఆ ఆయిల్ లింక్ పెడితే, కింద ఇది షేర్ చేయండి. అబ్బాయిలు కూడా చదవండి, మీ ఇంట్లోనూ అక్కచెల్లెళ్లున్నారు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.